వీధి హోటలు: మన మాటల వెనుక ఉన్న చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- హోటళ్ళ గురించి మనం మామూలుగా చెప్పుకొనే మాటలను చారిత్రక ఆధారాలుగా పరిశీలించగలుగుతారు.
- తెలుగు ప్రాంతాల్లో పూటకూళ్ళ ఇంటి నుంచి కాఫీ హోటలు, ఇరానీ హోటలు, మిఠాయి దుకాణం వరకు జరిగిన మార్పులను వివరించగలుగుతారు.
- బయట తినే హక్కుకు, కుల వ్యవస్థకు, రాజ్యాంగానికి గల సంబంధాన్ని చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

"ఆ మూల మీది హోటల్లో ఇడ్లీ మెత్తగా ఉంటుంది, చట్నీ మాత్రం నీళ్ళు." "టీ అక్కడ తాగు, బిస్కెట్ ఇక్కడ కొనుక్కో." ఇలాంటి మాటలు మీరు రోజూ వింటారు, అంటారు కూడా. వీటిని చరిత్ర అని ఎవరూ అనుకోరు. అయితే ఒక్క క్షణం ఆలోచించండి. ఊరు తెలియని మనిషి అయినా, కులం ఏదైనా, జేబులో డబ్బు ఉంటే చాలు, బల్ల ముందు కూర్చుని వడ్డించింది తిని, అది బాగుందో లేదో చెప్పగలగడం ఎప్పటి నుంచి సాధ్యమైంది? రుచి గురించి మాట్లాడాలంటే ముందుగా లోపలికి వెళ్ళి కూర్చోగలగాలి. ఆ కూర్చునే హక్కు అందరికీ ఒకేసారి రాలేదు.

హోటళ్ళ గురించి మనం తరచుగా వాడే ఐదు మాటలను ఈ పాఠంలో తీసుకుందాం. "ఇంటి భోజనంలా ఉంటుంది", "శుభ్రంగా ఉంటుంది", "ఎంతసేపైనా కూర్చోవచ్చు", "ఫ్యామిలీతో వెళ్ళవచ్చు", "అక్కడిదే అసలైనది". ఒక్కొక్క మాట వెనుక ఏ చరిత్ర ఉందో చూద్దాం.

2. "ఇంటి భోజనంలా ఉంటుంది"

డబ్బు తీసుకుని భోజనం పెట్టడం మన ప్రాంతానికి కొత్త కాదు. వినుకొండ వల్లభరాయుని పేరుతో ప్రసిద్ధమైన క్రీడాభిరామం ఓరుగల్లు నగర జీవితాన్ని వర్ణిస్తుంది. అందులో ఒక ఇంట్లో రూకకు దొరికే భోజనం ప్రస్తావన ఉంది. మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, కొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గట్టి పెరుగు ఆ భోజనంలో ఉంటాయి. ఇది కవి చేసిన వర్ణన, లెక్కల పుస్తకం కాదు. కాబట్టి రూకకు ఇన్ని పదార్థాలూ నిజంగా వచ్చేవని దీన్నిబట్టి తేల్చలేము. కాని నగరంలో డబ్బుకు భోజనం దొరికే ఇళ్ళు ఉండేవనీ, వాటి వంట గురించి జనం చెప్పుకొనేవారనీ గ్రహించవచ్చు.

ఇలాంటి ఇంటినే పూటకూళ్ళ ఇల్లు అన్నారు. పూటకు ఇంత అని డబ్బు తీసుకుని కూడు పెట్టే చోటు కనుక ఆ పేరు వచ్చింది. అది దుకాణం కాదు, ఒకరి ఇల్లు. వచ్చినవాడు ఎవరో తెలుసుకున్నాకనే లోపలికి రానిచ్చేవారు. గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకం 1909 నాటి కూర్పులో పూటకూళ్ళమ్మ పాత్ర మీకు గుర్తుండే ఉంటుంది. తన సొమ్ము తీసుకుని ఎగవేసిన గిరీశాన్ని వెతుక్కుంటూ ఆమె చీపురుకట్టతో బయలుదేరుతుంది. ఆ సన్నివేశానికి మనం నవ్వుతాం. చరిత్ర విద్యార్థిగా చూస్తే అందులో మరో విషయం కనిపిస్తుంది. పునర్వివాహానికీ ఉద్యోగానికీ తలుపులు మూసుకుపోయిన వితంతువుకు వంట చేతనవడమే జీవనాధారం. మనం మెచ్చుకొనే "ఇంటి భోజనం" వెనుక అలాంటి స్త్రీల శ్రమ ఉంది.

3. "శుభ్రంగా ఉంటుంది"

19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో రైలు మార్గాలు విస్తరించాయి. బెజవాడ పెద్ద కూడలిగా మారింది. కోర్టు పనికి, చదువుకు, వ్యాపారానికి ఊరు దాటేవారు పెరిగారు. వారందరికీ బంధువుల ఇళ్ళు ఉండవు. ఈ అవసరం నుంచే 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో మద్రాసు రాష్ట్రంలోని పట్టణాల్లో కాఫీ హోటళ్ళు పెరిగాయి. తెలుగులో "హోటలు" అంటే బస చేసే చోటు కన్నా తినే చోటు అనే అర్థమే ముందు స్ఫురించడానికి కారణం ఈ చరిత్రే. ఇంగ్లీషువారు పగటి పూట తేలిక ఆహారానికి వాడిన "టిఫిన్" అన్న మాట మన దగ్గర ఇడ్లీ, ఉప్మా, దోసెలకు పేరై స్థిరపడింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఎవరు వండారు, పక్కన ఎవరు కూర్చున్నారు అన్నవి ఆ కాలంలో రుచి కన్నా పెద్ద ప్రశ్నలు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆ పెళ్ళికి వెళ్ళి భోజనం చేసినవారిని వెలి భయం వెంటాడింది. ఒక పంక్తిలో కూర్చుని తినడమంటే సంబంధాన్ని ఒప్పుకోవడమే. అటువంటి సమాజంలో హోటలు నడపాలంటే అందరూ తినడానికి ఒప్పుకొనే వంటవాడు కావాలి. బ్రాహ్మణుడు వండితే మిగిలిన కులాలవారికి అభ్యంతరం ఉండదు. అందుకే "బ్రాహ్మణ కాఫీ హోటల్" అనే బోర్డు వ్యాపారానికి పనికివచ్చింది. మాంసాహారం దొరికే చోటును దక్షిణాదిలో "మిలిటరీ హోటల్" అన్నారు. కాబట్టి ఆనాటి "శుభ్రం" అన్న మాటలో కడిగిన బల్ల ఒక భాగమైతే, కులం మరొక భాగం. కొన్ని హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. దళితులకు గడప దాటే అవకాశమే ఉండేది కాదు. ఇటువంటి బోర్డుపై మద్రాసులో పెరియార్ నాయకత్వంలో 1957లో ఆందోళన జరిగింది. అంటే స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళయినా ఆ మాట బోర్డు మీద నిలిచే ఉందన్నమాట.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఈ విషయాన్ని నేరుగా పట్టించుకుంది. 15వ అధికరణం రెండవ క్లాజు దుకాణాలు, ప్రజా భోజనశాలలు, హోటళ్ళలోకి ప్రవేశించే విషయంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరునిపైనా ఆంక్ష ఉండరాదని చెబుతుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం, 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకుంది. హోటల్లో ప్రజల కోసం ఉంచిన పాత్రలు వాడుకోనివ్వకపోవడాన్ని కూడా ఈ చట్టం నేరంగా పేర్కొన్నది. చట్టంలోకి గ్లాసు, పళ్ళెం ఎందుకు వచ్చాయో మీరు ఆలోచించాలి. అవమానం జరిగింది ఆ గ్లాసు దగ్గరే కాబట్టి.

చట్టం వచ్చినంత మాత్రాన ఆచారం ఆగిపోలేదు. పల్లెల్లోని టీ హోటళ్ళలో దళితులకు వేరే గ్లాసు పెట్టే "రెండు గ్లాసుల పద్ధతి" దశాబ్దాల పాటు సాగింది. తాగినవారే తమ గ్లాసు కడిగి పక్కన బోర్లించాలి, బల్ల మీద కాకుండా కింద కూర్చోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో అంటరానితనంపై విచారించిన జస్టిస్ పున్నయ్య కమిషన్ కూడా ఈ పద్ధతిని గుర్తించింది. తరువాతి కాలంలో వాడి పారేసే కప్పులు వచ్చిన చోట రెండు గ్లాసుల తేడా కంటికి కనబడకుండా పోయింది. అది మనసు మారడం వల్లనా, గ్లాసు మారడం వల్లనా? ఈ ప్రశ్నకు జవాబు పుస్తకంలో కన్నా మీ ఊళ్ళో పెద్దల జ్ఞాపకాల్లో ఎక్కువగా దొరుకుతుంది.

4. "ఎంతసేపైనా కూర్చోవచ్చు"

హైదరాబాదులో కథ కొంత వేరుగా నడిచింది. ఇరాన్ నుంచి బొంబాయి, పూణేల మీదుగా వచ్చిన కుటుంబాలు నిజాం పాలనా కాలంలో ఇక్కడ టీ హోటళ్ళు తెరిచాయి. పాలరాతి బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, గోడలకు అద్దాలు, కూడలిలో అందరికీ కనిపించే చోటు వీటి గుర్తులు. డికాక్షన్ సన్నని సెగ మీద గంటల తరబడి మరుగుతూ ఉంటుంది. చిక్కగా కాచిన పాలు వేరుగా ఉంటాయి. రెండింటినీ కప్పులోనే కలుపుతారు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు, కళాకారులు, రాజకీయ కార్యకర్తలు చేరేవారు. ఒక టీని ఇద్దరు పంచుకుని, వార్తాపత్రిక చదువుకుంటూ, వాదించుకుంటూ పూటంతా గడపగలిగిన చోటు అది.

ఉస్మానియా బిస్కెట్ పేరును 1911 నుంచి 1948 వరకు పాలించిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌తో ముడిపెడతారు. అది ఎలా పుట్టిందో చెప్పే కథలు మాత్రం ఒకటి కన్నా ఎక్కువ ఉన్నాయి. ఆసుపత్రిలో రోగుల కోసం తయారైందనేది వాటిలో ఒకటి. ఇటువంటి కథలను కొట్టిపారేయనూ వద్దు, రుజువైన విషయంగా రాయనూ వద్దు. నగరం తన రుచులకు ఎలాంటి వంశవృక్షం కోరుకుంటుందో అవి చెబుతాయి.

ఒక టీ మీద పూటంతా కూర్చోనివ్వడానికి యజమాని మంచితనం ఒక్కటే చాలదు. అద్దె తక్కువగా ఉండాలి. నగరంలో స్థలాల ధరలు పెరిగే కొద్దీ ఆ కుర్చీ ఖరీదైపోయింది. కొన్ని ఇరానీ హోటళ్ళు మూతపడ్డాయి, మరికొన్ని బిర్యానీ, బేకరీల వైపు మళ్ళాయి. "ఇప్పుడు కూర్చోనివ్వడం లేదు" అన్న ఫిర్యాదు వెనుక భూమి ధరల చరిత్ర ఉంది.

5. "ఫ్యామిలీతో వెళ్ళవచ్చు"

ఈ మాట ఇప్పటికీ వింటాం. అంటే స్త్రీలు ఇబ్బంది పడకుండా కూర్చోగల చోటు అని అర్థం. ఇలా ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోందంటే, మిగిలిన హోటళ్ళు ఎవరివని? కాఫీ హోటల్లో వండినవారు, వడ్డించినవారు, తిన్నవారు ప్రధానంగా పురుషులే. స్త్రీలు వస్తే చెక్క అడ్డుగోడ, తెర కట్టిన "ఫ్యామిలీ రూం" చూపించేవారు. పూటకూళ్ళ ఇంట్లో వంటగదికి పరిమితమైన స్త్రీ, హోటల్లో తెర వెనుకకు చేరింది. 15వ అధికరణంలో "లింగం" అన్న పదం కూడా ఉందని గుర్తు చేసుకోండి. ఒంటరిగా వెళ్ళిన అమ్మాయి మూల హోటల్లో కాళ్ళు చాపుకుని టీ తాగగలుగుతోందా అన్నది ఈ చరిత్రలో ఇంకా ముగియని ప్రశ్న.

6. "అక్కడిదే అసలైనది"

మిఠాయి విషయానికి వస్తే మన అభిప్రాయాలు మరీ గట్టిగా ఉంటాయి. కాజా అంటే తాపేశ్వరం, లడ్డు అంటే బందరు, పూతరేకు అంటే ఆత్రేయపురం. హైదరాబాదులో ఖుబానీ కా మీఠా, డబుల్ కా మీఠా లేనిదే విందు పూర్తికాదు. కాని ఎండు ఆప్రికాట్ దక్కన్ పంట కాదు, వర్తకం ద్వారా వచ్చింది. "డబుల్ రోటీ" అని పిలిచే బ్రెడ్డు నుంచి వచ్చిన పేరు డబుల్ కా మీఠా. పండ్ల బిస్కెట్లకు పేరుపొందిన కరాచీ బేకరీని 1953లో దేశ విభజన తరువాత వలస వచ్చిన ఒక సింధీ వ్యాపారి స్థాపించారు. పోగొట్టుకున్న ఊరి పేరు దుకాణం మీద మిగిలింది. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ ఈనాడు ఐస్‌క్రీం దుకాణాలకూ పేరుపొందింది. ఇవన్నీ ఇప్పుడు "అసలైన హైదరాబాదీ" రుచులే. అసలుదనం నేలలోంచి మొలకెత్తదు. వలసలు, వర్తకం, అలవాటు కలిసి దాన్ని తయారు చేస్తాయి.

ప్రభుత్వం ఇచ్చే భౌగోళిక గుర్తింపు ఈ అసలుదనానికి చట్టపరమైన రూపం. హైదరాబాద్ హలీంకు 2010లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో అది లభించింది. పూతరేకు తయారీని ఒకసారి ఊహించుకోండి. బోర్లించిన కుండ కింద మంట ఉంటుంది. పలుచని బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డను ఆ కుండ మీద ఒక్కసారి పరుస్తూ లాగితే కాగితం వంటి రేకు వస్తుంది. ఈ నేర్పు ఎక్కువగా స్త్రీలది. గుర్తింపు ఊరికి వచ్చింది, పేరు దుకాణానికి వచ్చింది. మంట దగ్గర కూర్చున్నవారి పేర్లు డబ్బా మీద కనిపించవు.

7. సారాంశం

తెలుగు ప్రాంతాల్లో బయట తినడం పూటకూళ్ళ ఇంటితో మొదలై, రైళ్ళు, పట్టణాల వల్ల కాఫీ హోటళ్ళుగా, వలసల వల్ల ఇరానీ హోటళ్ళుగా, మిఠాయి దుకాణాలుగా విస్తరించింది. "ఎవరితో కూర్చున్నాను" అన్న ప్రశ్న నుంచి "ఎలా ఉంది" అన్న ప్రశ్నకు రావడమే ఈ చరిత్రలో ప్రధానమైన మార్పు. ఆ మార్పు పోరాటాల వల్ల, చట్టాల వల్ల వచ్చింది. అది అన్ని చోట్లా పూర్తి కాలేదు. కాబట్టి ఈసారి మీరు "చట్నీ బాగాలేదు" అన్నప్పుడు, ఆ మాట తేలికగా అనగలగడం మీకు ముందటి తరాల్లో చాలామందికి దొరకని స్వేచ్ఛ అని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పూటకూళ్ళ ఇంటికి, కాఫీ హోటలుకు గల తేడాలు ఏమిటి?
2. "బ్రాహ్మణ కాఫీ హోటల్" అనే బోర్డు వ్యాపారానికి ఎందుకు ఉపయోగపడింది?
3. పౌరహక్కుల పరిరక్షణ చట్టం హోటలు పాత్రలను ఎందుకు ప్రస్తావించింది?

అభ్యాసం

మీ ఊళ్ళో లేదా పేటలో పాత హోటలును ఒకదాన్ని ఎంచుకోండి. 60 ఏళ్ళు దాటిన ముగ్గురిని, వీలైతే వేర్వేరు కులాలవారినీ, వారిలో ఒక స్త్రీనైనా కలిసి అడగండి. మొదటిసారి అక్కడ ఎప్పుడు తిన్నారు? ఎక్కడ కూర్చున్నారు? గ్లాసు ఎవరు కడిగారు? రుచి సంగతి చివర అడగండి. వారి పేర్లు రాయకుండా, మాటలు మార్చకుండా రెండు పేజీల్లో రాయండి. ఒకే హోటలు గురించి ముగ్గురూ మూడు రకాలుగా చెబితే కంగారు పడవద్దు. మీ చరిత్ర రచన అక్కడి నుంచే మొదలవుతుంది.