ఇరాక్ గగన రక్షణ: ఖర్చు ఎవరిది?

1920 ఏప్రిల్‌లో సాన్ రెమో సమావేశం ఇరాక్‌పై మాండేటు అధికారాన్ని బ్రిటన్‌కు అప్పగించింది. ఆ వేసవిలోనే ఫురాత్ నదీతీర తెగలు తిరగబడ్డాయి. ఆ తిరుగుబాటును అణచడానికి సుమారు 4 కోట్ల పౌన్లు ఖర్చయ్యాయని అంచనా. యుద్ధపు అప్పులతో కుంగిపోయిన లండన్‌లో దానిపై పెద్ద దుమారమే చెలరేగింది. ఎడారి దేశాన్ని కాపాడటానికి ఆంగ్లేయుడు పన్ను ఎందుకు కట్టాలన్నది అక్కడి పత్రికల ప్రశ్న. తమ దేశాన్ని ఆక్రమించమని ఇరాకీలు ఎవరినీ కోరలేదన్న సంగతి ఆ చర్చలో అంతగా వినిపించలేదు.

1921 మార్చిలో వలసల మంత్రి చర్చిల్ కైరోలో సమావేశం జరిపాడు. పదాతి పటాలాలను చాలావరకు ఉపసంహరించి, ఎనిమిది విమాన స్క్వాడ్రన్లతో దేశాన్ని అదుపులో ఉంచాలన్న వైమానిక దళాధిపతి ట్రెంచర్డ్ పథకానికి అక్కడ ఆమోదం లభించింది. 1922 అక్టోబరు 1న ఇరాక్‌లోని సైనికాధికారం వైమానిక దళం చేతికి వచ్చింది. 1921-22లో 2 కోట్ల పౌన్లకు పైబడిన సైనిక వ్యయం, ఆ దశకం మధ్యకల్లా 50 లక్షల లోపుకు దిగింది.

అయితే పొదుపు కథ అంతటితో ఆగలేదు. మిగిలిన భారంలో సాధ్యమైనంత ఇరాక్ మీదికి నెట్టాలన్నదే బ్రిటన్ ఉద్దేశం. 1924 సైనిక ఒప్పందం ప్రకారం ఇరాక్ తన వార్షికాదాయంలో కనీసం 25 శాతాన్ని సైన్యానికీ, స్థానిక బలగాలకూ వెచ్చించాలి. విమానాల ఖర్చు లండన్ భరిస్తుంది. వాటిపై పెత్తనమూ లండన్‌దే. ఉస్మానీ రుణంలో వాటా కూడా మోస్తున్న కొత్త రాజ్యానికి ఇది చిన్న బరువు కాదు. జూన్ 10 అర్ధరాత్రి వేళ రాజ్యాంగ సభలో ఒడంబడికకు 37 మంది అనుకూలంగా, 24 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ఎనిమిది మంది తటస్థంగా ఉండిపోయారు.

ఆ ఆదాయం సమకూరిన తీరు కూడా గమనార్హం. 1923 చివర సమావా ప్రాంతంలో పన్ను చెల్లించని బనూ హుచైమ్ తెగపై విమానాలు బాంబులు కురిపించాయి. నూటికి పైగా ప్రాణాలు పోయాయి. అంటే, తమను కాపాడేందుకంటూ వచ్చిన విమానాలే ప్రజల నుంచి పన్ను రాబట్టాయి. ఆ రాబడిలో నాలుగో వంతు మళ్లీ రక్షణ పద్దులోకే వెళ్లింది. బాంబుదాడుల బాధితులను దివానియా ఆసుపత్రిలో కళ్లారా చూసిన వైమానిక దళ ఉన్నతాధికారి చార్ల్‌టన్, మనస్సాక్షి ఒప్పుకోక 1924లో ఆ పదవి నుంచి తప్పుకున్నాడు. దళంలో అటువంటివారు అరుదు.

ఇరాకీ మంత్రులు ఒక మార్గం సూచించారు. జీతాలిచ్చి పోషించే సైన్యం ఖరీదైనది గనుక నిర్బంధ సైనిక సేవ ప్రవేశపెడతామన్నారు. దాన్ని అమలు చేయడానికి తమ బలగాలు తోడ్పడవని బ్రిటన్ చెప్పింది. ఆ చట్టం వచ్చింది స్వాతంత్ర్యం తర్వాత, 1934లో. ఇరాక్‌కు సొంత వైమానిక దళం ఏర్పడిందైతే 1931 ఏప్రిల్‌లో, అదీ కొద్దిపాటి తేలిక విమానాలతో.

1930 ఒడంబడికలో బేరం రూపు మార్చుకుంది. నగదుకు బదులు నేల వచ్చింది: బస్రా చేరువన షువైబాలోనూ, ఫురాత్‌కు పడమట హబ్బానియాలోనూ విమాన స్థావరాలకు స్థలాన్ని ఇరాక్ అద్దె లేకుండా ఇవ్వాలి. 1932 అక్టోబరులో ఇరాక్ స్వతంత్ర రాజ్యంగా నానాజాతి సమితిలో చేరింది. బ్రిటిష్ వైమానిక దళం హబ్బానియాను పూర్తిగా వదిలి వెళ్లింది మాత్రం 1959లోనే.