నిమ్మసోడా పూర్వచరిత్ర



వేసవి మధ్యాహ్నమున ధరణికోట మట్టిగట్టులపై నడచినవానికి చరిత్రకంటె ముందు దాహము జ్ఞప్తికి వచ్చును. కృష్ణానది చేరువనే పారుచుండినను నాలుక పిడచగట్టుకొని పోవును. అట్టివాడు సోడాబండి కనబడగనే నిలిచి నిమ్మకాయసోడా యడుగును. బండివాడు నిమ్మచెక్క పిండి, ఉప్పో పంచదారయో వేసి, సీసా మూతియందలి గోలీని లోనికి నొక్కును. కీచుమని చప్పుడగును; నురుగు పొంగును; త్రాగినవాని ప్రాణము కుదుటబడును.

ఈ పానీయము మన పూర్వులదా, పరదేశీయులదా యను సందేహము పలువురకు కలుగును. దీనియందు ముఖ్యముగా మూడు వస్తువులున్నవి: పులుపు, నురుగు, నీరు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చరిత్ర కలదు. పులుపు మనది. నురుగును సీసాలో బంధించు విద్య పశ్చిమమునుండి వచ్చినది. నీటిని గూర్చిన ధర్మము మాత్రము ధరణికోటయంత ప్రాచీనమైనది. మొదటి రెండును మనకు బాగుగనే యలవడినవి; మూడవదానిని మరచితిమేమోయని నా భయము. అందుచేతనే నేటి ప్రసంగమునకు దీనిని విషయముగా గైకొంటిని.

ధరణికోట నేడు పల్నాడు జిల్లాలో అమరావతి మండలమున నున్నది. ఈ జిల్లా 2022లో ఏర్పడకముందు ఈ గ్రామము గుంటూరు జిల్లాకు చెందియుండెను. దీని పూర్వనామము ధాన్యకటకము. శాతవాహనుల కాలమున నిది మహానగరము; దీని ప్రక్కనే అమరావతీ మహాస్తూపము వెలసెను. 1797లో కాలిన్ మెకంజీ యిచ్చటికి వచ్చి ఆ స్తూప శిథిలములను జూచిన పిమ్మటనే ఈ తావు పండితలోకమున ప్రసిద్ధికెక్కెను. 1960వ దశకమున పురావస్తుశాఖవా రీ కోటను త్రవ్వగా, పడవలు వచ్చుటకు త్రవ్విన కాలువయు, దాని యొడ్డున రేవుకట్టయు బయల్పడినవి. వర్తకులును భిక్షువులును దూరదేశములనుండి వచ్చి పోవుచుండిన స్థలమిది. ఏడవ శతాబ్దమున చీనాదేశపు యాత్రికుడు హ్యూయన్ త్సాంగు ఈ ప్రాంతమునకు వచ్చునాటికి పెక్కు సంఘారామములు పాడుపడియుండినను, కొన్నిటియందు భిక్షువు లింకను నివసించుచునే యుండిరి.

బౌద్ధభిక్షువులకు మధ్యాహ్నము దాటిన పిమ్మట భోజనము నిషిద్ధము. అయినను ఎండలో తిరుగువానికి దాహము తీరుటెట్లు? ఇందులకు వినయపిటకమున మార్గము చూపబడినది. మామిడి, నేరేడు, అరటి, ద్రాక్ష, కలువదుంప మున్నగు ఎనిమిది విధముల పానకములు త్రాగవచ్చునని మహావగ్గమందు అనుమతి కలదు. ధాన్యరసము తప్ప తక్కిన ఫలరసము లన్నియు గ్రాహ్యములే యనియు అచ్చటనే చెప్పబడినది. నిమ్మరసమును ఈ యనుమతిలోనిదే యగును. మన శ్రీరామనవమి పానకమువలె ఇదియు దాహము తీర్చుటకును, బడలిక పోగొట్టుటకును ఏర్పడినదే. మత్తు కొరకు కాదు.

ఇక నీటి సంగతి. భిక్షువునకు తనవి యని చెప్పుకొనదగిన పరికరము లెనిమిది మాత్రమే: మూడు వస్త్రములు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, మొలకట్టు, నీరు వడకట్టు గుడ్డ. సర్వమును విడిచినవాడు సైతము వడకట్టు గుడ్డను విడువరాదన్నమాట. దీనిని గూర్చి చుల్లవగ్గమున నొక కథ కలదు. కోసలదేశమున ఇద్దరు భిక్షువులు కలిసి ప్రయాణము చేయుచుండిరి. త్రోవలో మాటామాట వచ్చెను. వారిలో నొకనికి దప్పికయై రెండవవాని వడకట్టు గుడ్డ నడుగగా, ఆతడు కోపము మనస్సున నుంచుకొని ఈయడయ్యెను. అడిగినవాడు వడకట్టని నీరు త్రాగనొల్లక దాహముతో ప్రాణము విడిచెను. ఈ సంగతి విని బుద్ధుడు, తోడివా డడిగినపుడు వడకట్టు గుడ్డను లేదనరాదనియు, అది లేక భిక్షువు ప్రయాణము చేయరాదనియు, విధిలేనిచో పైవస్త్రపు చెరగుతోనైనను వడకట్టుకొనవలెననియు నియమించెను. ఏడవ శతాబ్దమున భారతదేశమునకు వచ్చిన ఇత్సింగు అను మరియొక చీనాభిక్షువు కూడ ఇచ్చటి నీటి పరీక్షను, వడపోతను సవిస్తరముగా వర్ణించెను. నీటిలోని చిన్నప్రాణులకు హింస కలుగరాదనియే వారి యుద్దేశము. ఆ దయ తమ యారోగ్యమును గూడ కాపాడునని వారెరిగి యుండకపోవచ్చును.

పులుపు కథను జూతము. నిమ్మ, దబ్బ, నారింజ, మాదీఫలము ఇవన్నియు ఒకే కుటుంబమునకు చెందిన చెట్లు. ఈశాన్య భారతమునుండి ఆగ్నేయాసియా వరకు గల భూములే వీనికి పుట్టినిల్లు. మన నారంగ శబ్దమే పారసీకము, అరబ్బీ మీదుగా పశ్చిమమునకు పోయి ఆరెంజి యైనది. పులుపునకు క్షారము విరుగుడని మన వైద్యు లెరుగుదురు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున, క్షారముతో పుండును కాల్చిన పిమ్మట దానిపై పుల్లని కలి మున్నగు ద్రవములు పోసి శాంతింపజేయవలెనని కలదు. ఆమ్లము తగిలినంతనే క్షారపు తీక్ష్ణత యెందుకు పోవునో కూడ నచ్చట విచారింపబడినది. అనగా పులుపును క్షారమును కలిపినచో రెండింటి ఘాటును తగ్గునని తెలియును. ఆ కలయికలో పొంగు నురుగును త్రాగవచ్చునను ఊహ మాత్రము అప్పటికి రాలేదు.

నురుగు మనకు తెలియనిదా? కాదు. తాటికల్లు కుండలో బుసబుస పొంగునది ఈ గాలియే. తీపి పులిసినపుడు మత్తుపదార్థమును, బొగ్గుపులుసు గాలియు నొక్కసారియే పుట్టును. మత్తును విడిచి గాలిని మాత్రమే నీటిలో కలుపుట యెట్లు? ఈ పని మొట్టమొదట చేసినవారిలో ఇంగ్లండు దేశీయుడైన జోసెఫ్ ప్రీస్ట్లీ ముఖ్యుడు. ఆతడు మతబోధకుడు. 1767లో లీడ్సు నగరమున ఆతని యింటి ప్రక్కనే బార్లీసారాయము కాచు కార్ఖానా యుండెను. పులియుచున్న తొట్లమీద నిలిచియున్న గాలిలో ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి నీటిని మాటిమాటికి పోయుచు రాగా, ఆ నీటికి చురుకైన రుచి వచ్చెను. పిదప సుద్దమీద గంధకామ్లమును పోసి అదే గాలిని పుట్టించి నీటిలో కలుపు విధానమును 1772లో గ్రంథరూపమున ప్రకటించెను. 1783లో జెనీవాలో జేకబ్ ష్వెప్ అను గడియారములవాడు ఈ నీటిని విక్రయార్థము తయారుచేయ నారంభించెను. మరుసటి సంవత్సరము, అనగా 1784లో, స్వీడను దేశమున షీలే యను రసాయనవేత్త నిమ్మరసమునుండి దాని పులుపును స్ఫటికములుగా వేరుచేసెను.

గాలిని నీటిలో కలిపిన తర్వాత అది పారిపోకుండ కాపాడుట మరియొక కష్టము. దీనికి 1872లో హైరం కాడ్ అను ఆంగ్లేయుడు గోలీసీసాను కనిపెట్టెను. సీసాను తలక్రిందులుగా నుంచి నింపుదురు. లోని గాలి యొత్తిడికి గాజుగోలీ వచ్చి మెడలోని రబ్బరుచుట్టకు గట్టిగా నదుముకొనును. ఆ గాలియే తన ద్వారమునకు తానే కావలి కాయునన్నమాట. ఇతర దేశములలో నీ సీసా చాలవరకు మరుగుపడినను మన దేశమున నిలిచెను. కడిగి మరల మరల నింపుకొనవచ్చుటయే యిందులకు ముఖ్యకారణము. తెలుగుదేశమున ఈ వ్యాపారమునకు పేరుపొందినవారిలో గోదావరి ప్రాంతమున రామచంద్రపురము వాస్తవ్యులైన అద్దూరి రామచంద్రరాజుగారొకరు. వారు 1919లో స్థాపించిన సోడా వ్యాపారమే తర్వాత ఆర్టోసు అను పేర ప్రసిద్ధి వహించెను.

ఇక ఇంట చేసికొను విధానము. దీనికి యంత్రము గాని సీసా గాని అక్కరలేదు. ఇంచుమించు 200 మిల్లీలీటర్లు పట్టు గ్లాసెడు చల్లని నీరు, ఒక నిమ్మకాయ రసము, రెండు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు కావలెను. గ్లాసుకంటె పెద్దదైన చెంబులో వీనిని కలిపి పంచదార కరగువరకు త్రిప్పవలెను. చిట్టచివర తినేసోడా చిటికెడు, అనగా అర గ్రాము, వేసి ఒక్కసారి కలిపి వెంటనే త్రాగవలెను. నిమ్మపులుపు సోడాను తాకగనే బొగ్గుపులుసు గాలి పుట్టి నురుగు పొంగును. సోడా హెచ్చు వేసినకొలది నురుగు హెచ్చునని భ్రమపడరాదు. అర గ్రాము సోడాయే చిన్న నిమ్మకాయ పులుపులో సుమారు సగమును హరించును. అంతకు మించినచో పులుపు చచ్చి సబ్బునీటి రుచి వచ్చును. నీరు చల్లగా నుండవలెననుటకును కారణము కలదు. వేడి హెచ్చినకొలది నీటిలో గాలి నిలువదు. 0 డిగ్రీలవద్ద ఒక పాలు నీటిలో 1.7 పాళ్ల గాలి కరగును; 20 డిగ్రీలవద్ద ఒక పాలైనను పూర్తిగా కరగదు. అందుచేత ఎండలో పెట్టిన నీటితో చేసినచో నురుగు క్షణమున తేలిపోవును. అర గ్రాము సోడానుండి పుట్టు గాలియు స్వల్పమే గనుక, అంగడి సోడాకుండు చురుకు దీనికి రాదు.

రెండు హెచ్చరికలు. ఈ మిశ్రమమును సీసాలో పోసి బిరడా బిగింపరాదు. పుట్టిన గాలికి దారిలేక గాజు పగిలి కండ్లకు ప్రమాదము కలుగవచ్చును. గోలీసీసా గాజు మందముగా నుండుట యీ యొత్తిడికి నిలుచుటకే. రెండవది: తినేసోడాలో సోడియము కలదు. రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండముల వ్యాధి కలవారు వైద్యుని యనుమతి లేక దీనిని సేవింపరాదు. అట్టివారికి సోడాయు ఉప్పును లేని నిమ్మనీరే మేలు.

ఇప్పుడు మూడవ వస్తువైన నీటివద్దకు మరల వచ్చుచున్నాను. నురుగు చూచి నీరు శుద్ధమని నమ్ముట మనలో పలువురకు అలవాటు. ఇది పొరపాటు. బొగ్గుపులుసు గాలి మురికినీటిని మంచినీరుగా మార్చదు. నిమ్మపులుపు కొన్ని క్రిములకు శత్రువే. కాని మనము వేయు తినేసోడా ఆ పులుపునే తగ్గించును. కావున నురుగు పెరిగినకొలది రక్షణ తరుగును. కలరా నీటిమూలమున వ్యాపించునని 1854లో లండను నగరమున జాన్ స్నో అను వైద్యుడు నిరూపించెను. 1884లో రాబర్టు కాఖ్ కలకత్తాలో కలరా క్రిమిని పరిశోధించి స్థిరపరచెను. వేలకొలది జనులు చేరు మహాశివరాత్రికి గాని, కృష్ణా పుష్కరములకు గాని, నీటిని గూర్చి అధికారు లంత శ్రద్ధ వహించుట యిందుచేతనే.

ఇచ్చట ఒక వింత వినుడు. కలరా క్రిములు చెరువులలోని కంటికానని చిన్న జలచరములను అంటిపెట్టుకొని యుండును. కావున గుడ్డతో ఆ జలచరములను ఆపగలిగినచో క్రిములు కూడ చాలవరకు ఆగునని రీటా కాల్వెల్ అను అమెరికా శాస్త్రవేత్రి భావించెను. బంగ్లాదేశములోని మత్లాబు ప్రాంతపు పల్లెలలో స్త్రీలచేత పాత నూలుచీర గుడ్డను కనీసము నాలుగు మడతలు వేయించి, బిందె మూతికి కట్టించి నీరు పట్టించిరి. అట్లు చేసిన పల్లెలలో కలరా సుమారు సగమునకు తగ్గెనని 2003లో ప్రకటించిరి. క్రొత్త చీరకంటె పాతచీరయే మేలైనదట. ఉతికి ఉతికి పోగులు దగ్గరపడి సందులు చిన్నవగును. కోసలదేశపు భిక్షువు ప్రాణము పోయినను విడువనొల్లని వడపోతకు ఇన్ని శతాబ్దముల పిమ్మట శాస్త్రము సాక్ష్యము పలికినది.

అయినను సగము తగ్గుట పూర్తిగా పోవుట కాదు. గుడ్డ ఆపలేని క్రిములు పెక్కులు కలవు. కావున మొదట మడతపెట్టిన గుడ్డతో వడకట్టి, తర్వాత నీటిని తెరలు వచ్చునట్లు ఒక్క నిమిషమైనను కాచి, మూతపెట్టిన శుభ్రమైన కుండలో చల్లార్చి, ఆ నీటితోనే నిమ్మసోడా కలుపవలెను. చల్లదనమునకై ఎచ్చటి నీటితో చేసిరో తెలియని మంచుగడ్డను వేసినచో ఈ శ్రమ యంతయు వ్యర్థము.

గ్రామమందలి పెద్దలకు నా మనవి యిది. పెండ్లిండ్లలోను, తిరునాళ్లలోను, చలివేంద్రములలోను నిమ్మనీరు పోయించువారు మీరే. పంచదార చాలినదా, నిమ్మకాయలు సరిపోయినవా యని విచారించునట్లే, నీరు వడకట్టి కాచితిరాయని కూడ ఒక్కమాట యడుగుడు. దప్పికగొన్నవాడు చేయి చాచినపుడు వడకట్టు గుడ్డను లేదనరాదని పూర్వులు నియమించిరి. మనము గ్లాసెడు నీరిచ్చునపుడు దానితోకూడ ఆ గుడ్డ నిచ్చినట్లే యుండవలెను.