తాళపుచెవి చేసినవా రెవరు?

పల్నాటి పల్లెలో భోషాణపు తాళమునకు చెవి పోయినచో, తాళమును కమ్మరి కొలిమికి తీసికొనిపోయి క్రొత్తది చేయించుకొందురు. చెవి యెంత చక్కగా కుదిరినను ఇంటివారికి ఒక శంక మిగులును: దాని పండ్ల కొలత కమ్మరికి తెలియును గదా!

2022లో పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణమైన నరసరావుపేటలో ఒక తండ్రి తన పొలము దస్తావేజుల నకళ్ళను కంప్యూటరులో దాచె ననుకొందము. అవి హైదరాబాదులోని కుమారుని యంత్రములోనికి వాటియంతట అవియే చేరును. ఇట్టి పని చేయు ప్రోగ్రాములలో యాకబ్ బోర్గ్ 2013లో ఆరంభించిన సింక్‌థింగ్ ఒకటి. దానిని మొదటిసారి నడపినప్పుడే, ఎవరిని అడుగకుండ, ఆ యంత్రమునకొక రహస్యపు చెవిని అదియే పుట్టించును. ఆ చెవి ఇల్లు కదలదు. దానికి జతయైన బహిరంగ పత్రమునుండి గణించిన 56 గుర్తుల పేరును మాత్రమే తండ్రీకొడుకులు ఒకరికొకరు తెలుపుకొందురు. దారిలో ఆ కాగితములను మరెవ్వరును చదువజాలరు.

మనుష్యులు తామే చెవులను ఎన్నుకొన్న కాలమును చూడుడు. రెండవ ప్రపంచయుద్ధములో జర్మనుల ఎనిగ్మా యంత్రమునకు ఏనాటి అమరిక ఆనాటికి అచ్చుకాగితములపై ముందుగా అందవలసి యుండెను. వార్తవార్తకు మార్చవలసిన మూడక్షరములను మాత్రము పంపువాని ఇష్టమునకు విడిచిరి. అలసినవాడు ప్రియురాలి పేరులోని అక్షరములనో, మీటలపై ప్రక్కప్రక్కనున్న అక్షరములనో వాడెను. ఇంగ్లాండులో బ్లెచ్లీ పార్కునందు పొంచియున్నవారికి అంతకంటె నేమి కావలెను?

ఇరువురును ముందుగా ఒకే రహస్యమును పంచుకొనవలె నను నిర్బంధమునుండి విడివడు మార్గమును 1976లో డిఫీ, హెల్‌మన్ ప్రకటించిరి. అయినను ఎవ్వరి ఊహకును అందని సంఖ్య ఎచ్చటనుండి రావలెను? ఇది సంఖ్యాశాస్త్రజ్ఞుల పాత విచారమే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, వస్తువులను ఏ పక్షపాతమును లేని వరుసలో కలుపు పద్ధతినొకదానిని 1961లో 'సాంఖ్య' పత్రికయందు వివరించిరి.

యంత్రమునకు ప్రియురాలు లేదు, అలసట లేదు. కాని చెప్పినదే చేయును. 2006లో డెబియన్ వారు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను ప్రోగ్రాములో, పరీక్షాసాధన మొకటి ఆక్షేపించిన పంక్తిని తీసివేసిరి. చెవులకు కావలసిన అనూహ్యతను పోగుచేయునది ఆ పంక్తియే! పిమ్మట పుట్టిన చెవులు ఒక్కొక్క రకమునకు 33,000 లోపే. అన్నిటిని వరుసగా ప్రయత్నించి చూచుట కంప్యూటరునకు చిటికెలో పని. 2008 మే వరకు ఈ సంగతి వెల్లడి కాలేదు. తాళములు పడుచునే యుండెను, తెరచుకొనుచునే యుండెను. సోమరి చేసిన తప్పును ఇచ్చట శ్రద్ధగల పనివారే చేసిరి. చేసిన చెవులన్నిటిని పారవేసి మరల చేయవలసి వచ్చినది.

మన నరసరావుపేట తండ్రి యంత్రము చెడి, ఆయన క్రొత్తది కొనె ననుకొందము. పాత చెవికి నకలు దాచుకొననిచో క్రొత్త చెవి పుట్టును, క్రొత్త పేరు వచ్చును. కుమారుని యంత్రము దానిని పరాయిదానిగనే చూచును. అప్పుడు తండ్రి టెలిఫోను చేసి ఆ 56 గుర్తులను మెల్లగా చదివి వినిపింపవలసినదే.