అనధ్యాయము: వేదవిద్యలో విరామముల చరిత్ర

శ్రావణ పూర్ణిమను తెలుగువారు జంధ్యాల పూర్ణిమ అని పిలుచుచున్నారు. ఆనాడు నూతన యజ్ఞోపవీతమును ధరించి, ఋషితర్పణము గావించి, గాయత్రీ జపముతో ఆ కర్మను ముగించుట నేటి ఆచారము. అయితే ఆ కర్మకు శాస్త్రములో గల నామము ఉపాకర్మ. ఉపాకర్మ అనగా ఆరంభము. దేనికి ఆరంభము? వేదాధ్యయనమునకు. నేటి పరిభాషలో చెప్పవలెనన్న అది బడి తెరచు దినము. యజ్ఞోపవీత ధారణము ఆ కర్మలో ఒక అంగము మాత్రమే. అంగము మిగిలి అంగి మరుగున పడుట మన ఆచారములలో క్రొత్త విషయము కాదు.

బడి తెరచు దినమున్నచోట మూయు దినము కూడ ఉండవలెను. దానిని ఉత్సర్జనము అందురు. పుష్యమాసమందుగాని, మాఘ శుక్ల ప్రతిపత్తునగాని గ్రామము వెలుపల ఈ కర్మను జరుపవలెనని మనుస్మృతి నాల్గవ అధ్యాయము విధించుచున్నది. ఈ రెండు కర్మల నడిమి కాలము నాలుగున్నర మాసములు. గౌతమ ధర్మసూత్రము ఈ విషయములో కొంత ఔదార్యము చూపి నాలుగున్నర మాసములు, ఐదు మాసములు, లేక దక్షిణాయనమంతయు అని మూడు వికల్పములను ఇచ్చినది. తెలుగు వైదికులలో అధిక సంఖ్యాకులకు ప్రమాణమైన ఆపస్తంబుడు శ్రావణ పూర్ణిమనాడు ఆరంభించి పౌష పూర్ణిమనాడుగాని, రోహిణీ నక్షత్రమునాడుగాని విడువవలెనని చెప్పి, నాలుగున్నర మాసముల పక్షమును ఇతరుల మతముగా పేర్కొన్నాడు.

ఇంతవరకు చదివిన వారికి ఒక సందేహము కలుగుట సహజము. సంవత్సరములో ఏడు మాసములకు పైగా సెలవులు అనుభవించిన విద్యార్థి వేదమును ఎట్లు కంఠస్థము చేసెను? ఈ సందేహమునకు సమాధానము మనువు తరువాతి శ్లోకములలోనే కలదు. ఉత్సర్జనము చేసిన పిమ్మట విశ్రాంతి ఒక పక్షిణి, అనగా రెండు పగళ్లు, వాటి నడిమి రాత్రి. లేక ఒక్క అహోరాత్రము మాత్రమే. అటుపై శుక్లపక్షమున వేదము, కృష్ణపక్షమున వేదాంగములు చదువవలెను. దీనినిబట్టి ఉత్సర్జనము దీర్ఘమైన సెలవుకు నాంది కాదు, పాఠ్యవిషయము మారుటకు సంకేతము. వర్షర్తువునుండి హేమంతము వరకు కేవలము సంహిత. తరువాత సంహితతోబాటు శిక్ష, వ్యాకరణము, ఛందస్సు, నిరుక్తము, జ్యోతిషము, కల్పము. ఎండకాలమున బుద్ధికి పని తప్పలేదు. పనియొక్క జాతి మాత్రమే మారినది.

నిజమైన సెలవులు వేరే ఉన్నవి. వాటి పేరు అనధ్యాయములు. ప్రతి పక్షములోను అష్టమి, చతుర్దశి, పూర్ణిమ లేక అమావాస్య, తరువాతి ప్రతిపత్తు, ఇవి నిత్యానధ్యాయములు. పక్షమునకు నాలుగు, మాసమునకు ఎనిమిది, పండ్రెండు మాసములకు తొంబదియారు. ఈ నియమమును మీరినవారికి మనువు చెప్పిన ఫలము కఠోరమైనది. అమావాస్యనాటి పాఠము గురువును, చతుర్దశినాటి పాఠము శిష్యుని నశింపజేయును. అష్టమీ పౌర్ణమాసులు నేర్చిన వేదమునే నశింపజేయును. ప్రతిపత్తు మాట సుందరకాండలో వినవచ్చును. లంకనుండి మరలివచ్చిన హనుమంతుడు సీతామాత కార్శ్యమును వానరులకు వర్ణించుచు, ప్రతిపత్తునాడు చదువు అలవాటు గలవాని విద్యవలె ఆమె క్షీణించినదని చెప్పినాడు. విరామ దినమున చదివిన చదువు నిలువదు, క్షీణించును అను విశ్వాసము ఎంతగా లోకవిదితము కాకున్న ఆదికవి దానిని ఉపమానముగా గ్రహించును! ఉపమానము శ్రోతకు ముందే తెలిసినదై ఉండవలెను గదా.

వీటికి తోడు ఆకస్మికములు. యాజ్ఞవల్క్యస్మృతి తాత్కాలికానధ్యాయములను ముప్పదియేడుగా లెక్కించినది. మెరుపు, ఉరుము, వాన ఒక్కసారిగా కలిసి వచ్చినను, పగటివేళ గాలి ధూళిని లేపినను, నక్కలు కూసినను, కుక్కలు మొరిగినను, గాడిదలు ఓండ్రపెట్టినను పాఠము ఆగవలెను. గ్రామములో శవమున్నంతవరకు పాఠము లేదు. గుఱ్ఱముపైనను, పడవలోను, చెట్టుపైనను చదువరాదు. భోజనము చేసిన వెంటనే, అజీర్ణమున్నపుడు, కలహము జరుగుచున్నపుడు చదువరాదు. గురుశిష్యుల నడుమ ఆవు, కప్ప, పిల్లి, కుక్క, పాము, ముంగిస, ఎలుక ఇవి దాటిపోయిన ఒక అహోరాత్రము పాఠము నిలిపివేయవలెను.

ఆధునికునికి ఈ పట్టిక హాస్యాస్పదముగా కనబడవచ్చును. కాని ఆ విద్య ఎట్టిదో స్మరింపవలెను. తాళపత్రము లేదు, పుస్తకము లేదు. గురువు ఒకసారి ఉచ్చరించినదానిని శిష్యుడు సంథ చెప్పుకొనవలెను, ఆపై వల్లె వేయవలెను. తైత్తిరీయ శాఖలో పాఠమునకు ప్రమాణము పనస, అనగా సుమారు ఏబది పదములు. ఉదాత్తానుదాత్త స్వరితములలో ఒక్కటి తప్పి చెవిలో పడిన, ఆ తప్పు ఆ శిష్యునితో ఆగదు. అతని శిష్యులకు, వారి శిష్యులకు సంక్రమించును. ఉరుము, గాలి, కుక్క అరుపు, గాడిద ఓండ్ర ఇవన్నియు చెవికి విఘ్నములు. కలహము, అజీర్ణము చిత్తమునకు విఘ్నములు. మిగిలినవాటిలో అశుచి, దుఃఖము, భయము కారణములు. పట్టికలో సగము శబ్దరక్షణకే ఏర్పడినదని చెప్పిన తప్పు కాదు. మిగిలిన సగమును కూడ ఇట్లే లౌకిక హేతువులతో వివరింప యత్నించుట మాత్రము సాహసము. పర్వతిథులలో నిషేధము అదృష్టార్థమని పెద్దలు చెప్పిన మాటను అట్లే ఉంచుట మేలు.

ఇంతటి పట్టికను చూచి బడికి రాకుండుటకు నెపములు వెదకు శిష్యులు ఆ కాలమందును లేకపోలేదు. భవభూతి ఉత్తరరామచరితము నాల్గవ అంకమున వాల్మీకి ఆశ్రమమునకు వసిష్ఠుడు, అరుంధతి, కౌసల్యాదులు, జనకుడు వచ్చుదురు. శిష్టులు ఇంటికి వచ్చినపుడు అనధ్యాయము. ఆశ్రమ బాలురలో సౌధాతకి అనువాడు ఈ ముదుసలి గడ్డములకు స్వాగతమని సంతోషించును. వచ్చినవారి మహిమ అతనికి పట్టదు, వారు తెచ్చిన సెలవు మాత్రమే పట్టును. భవభూతి పరిహాసము అక్కడ ఆగలేదు. సెలవు దొరకిన వటువులు కోలాహలముగా ఆడుకొనుచుండగా ఆ గుంపులో ఒక బాలుని మీద కౌసల్య చూపు నిలుచును. అతడు లవుడు. మనుమడని తెలియకయే ఆమె వానిలో తన రాముని బాల్యమును చూచుచున్నది. ఆనాడు పాఠము జరిగియుండిన ఆ చూపు లేదు. గ్రంథమంతటిలో కరుణరసము ఆనందమువైపు మరలు మొదటి మలుపులలో ఇది యొకటి. దానికి కవి ఎంచుకొన్న నిమిత్తము ఒక సెలవు దినము.

అయితే విరామమునకు ఎదురుపక్షము కూడ శ్రుతిలోనే కలదు, అదియు బలమైన పక్షము. శతపథ బ్రాహ్మణము స్వాధ్యాయమును బ్రహ్మయజ్ఞముగా స్తుతించుచు, గాలి వీచుట, ఉరుముట, మెరయుట ఆ యజ్ఞమునకు వషట్కారములని చెప్పినది. కావున అవి వచ్చినపుడు ఆపుట కాదు, చదువుటయే యుక్తము. ఏ ఉరుమును ధర్మసూత్రములు సెలవుకు కారణముగా చెప్పినవో దానినే ఈ బ్రాహ్మణము ఆహుతి సమయముగా భావించినది! తైత్తిరీయారణ్యకము రెండవ ప్రపాఠకము మరింత నిష్కర్షగా బ్రహ్మయజ్ఞమునకు రెండే అనధ్యాయములని తీర్పు చెప్పినది. చదువువాడు అశుచియైన ఒకటి, చదువు స్థలము అశుచియైన రెండవది. మనువు కూడ తన దీర్ఘ పట్టికను ముగించుచు ఈ రెండింటిని నిత్యము వర్జింపవలసినవిగా వేరుచేసి చెప్పుట గమనింపదగినది.

ఈ విరోధమును పరిహరించినవాడు ఆపస్తంబుడు. ఆయన వాజసనేయుల బ్రాహ్మణమును పేర్కొని, దానిని మరియొక శాఖావాక్యముతో సమన్వయించి, అట్టి వేళలందు ఒక ఋక్కునో, ఒక యజుస్సునో, ఒక సామమునో పలికినను ఆనాటి స్వాధ్యాయము తప్పినది కాదని నిర్ణయించినాడు. మరియు అనధ్యాయ నియమము విద్యాగ్రహణమునకేగాని కర్మలందలి మంత్రప్రయోగమునకు కాదని స్పష్టపరచినాడు. క్రొత్త పాఠము వేరు, నిత్య పారాయణము వేరు. మొదటిదానికి విరామము కావలెను. రెండవదానికి ఒక్క దినమైనను విరామము కూడదు. కూర్మపురాణము ఈ మార్గముననే వేదాంగములకు, ఇతిహాస పురాణములకు, ధర్మశాస్త్రములకు అనధ్యాయము లేదని, పర్వదినములలో మాత్రము వాటిని కూడ విడువవలెనని చెప్పినది.

చదువు గడియలు పెరిగినంతనే విద్య పెరుగునా అను ప్రశ్నకు ఛాందోగ్యోపనిషత్తు రెండు కథలలో సమాధానము సూచించినది. శ్వేతకేతువు పండ్రెండు సంవత్సరములు గురుకులమున వేదములన్నియు చదివి ఇరువదినాల్గవ ఏట గర్వముతో ఇంటికి వచ్చినాడు. తండ్రి అడిగిన ఒక్క ప్రశ్నకు అతనివద్ద సమాధానము లేదు. ఆ తండ్రియే వానిని పదునైదు దినములు నిరాహారముగా ఉంచి ఋగ్యజుస్సామములు చెప్పుమన్నాడు. ఏవియు స్ఫురించలేదు. భుజించిన పిమ్మట అడిగినవన్నియు చెప్పగలిగినాడు. మనస్సు అన్నమయమని బోధించుటకు ఉద్దాలకుడు చేసిన ప్రయోగమిది. పండ్రెండేండ్ల అధ్యయనము పదునైదు దినముల ఉపవాసము ముందు నిలువలేకపోయినది. రెండవ కథ సత్యకామునిది. ఉపనయనము చేసిన వెంటనే హారిద్రుమత గౌతముడు నాలుగువందల కృశించిన గోవులను అప్పగించినాడు. అవి వేయి అయినగాని మరలిరానని సత్యకాముడు బయలుదేరినాడు. ఆ సంవత్సరములన్నియు పాఠము లేదు. అయినను వృషభము, అగ్ని, హంస, మద్గువు ఒక్కొక్కరు బ్రహ్మమునకు ఒక్కొక్క పాదమును బోధించిరి.

శరీరపోషణము లేని విద్య నిలువదను ఎరుక దక్షిణాపథమున శాసనములలోను కనబడును. పదునొకండవ శతాబ్దమునకు చెందిన వీరరాజేంద్ర చోళుని తిరుముక్కూడల్ శాసనములో వేదపాఠశాలా విద్యార్థుల భోజనముతోబాటు, వారి శనివారపు అభ్యంగన స్నానమునకు నూనె, చికిత్సకు పదునైదు శయ్యల ఆతురశాల కేటాయింపబడినవి.

వేదపాఠశాలకు భిన్నమైనది గ్రామములోని వీథిబడి. అచ్చట పగలు దీర్ఘము. థామస్ మన్రో ఆజ్ఞపై 1822 నుండి మద్రాసు రాజధాని కలెక్టర్లు పంపిన నివేదికలను చూచిన, బడి ఉదయము సుమారు ఆరు గంటలకు మొదలై, భోజనమునకు ఒకటి రెండు చిన్న విరామములతో సూర్యాస్తమయము వరకు సాగెనని తెలియును. బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణమును రచించినవాడు. ఆయన 1823 నివేదికలో ఒక ఆచారము కలదు. ఉదయము మొదట వచ్చిన బాలుని అరచేతిలో గౌరవముగా సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న. మూడవవానికి ఒక మెల్లని దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి హెచ్చు. ఆ జిల్లాలో నాడు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. ఒకప్పుడు బడులున్న అనేక గ్రామములలో అప్పటికే అవి లేవని, దారిద్ర్యముచేత తల్లిదండ్రులు పసిబిడ్డల శ్రమను కూడ ఆశ్రయించుచున్నారని ఆయన వ్రాసినాడు. బడి పగలంతయు తెరచియున్నను, ఆకలిగొన్న ఇంటి బాలునికి అది మూసియున్నట్లే. ఉద్దాలకుని ప్రయోగము ఒక జిల్లా అంతటను జరిగినదనవచ్చును, చివర భోజనము మాత్రము లేదు.

తిథులను తొలగించి వారమును నిలిపినది పాశ్చాత్య పద్ధతి. అందులో ఒక పండితుని చేయి కూడ కలదు. 1851లో కలకత్తా సంస్కృత కళాశాలకు ప్రిన్సిపాల్ అయిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు, అంతవరకు అచ్చట పాటింపబడుచున్న ప్రతిపదష్టముల సెలవును మాన్పి ఆదివారమును నియమించినాడు. నేటి లెక్క 2009 విద్యాహక్కు చట్టములో కలదు: ఐదవ తరగతి వరకు సంవత్సరమునకు 200 పనిదినములు, 800 బోధన గంటలు. ఆరు నుండి ఎనిమిది వరకు 220 దినములు, 1000 గంటలు. నిత్యానధ్యాయములను మాత్రమే తీసివేసిన, 354 దినముల చాంద్రసంవత్సరములో వేదవిద్యార్థికి మిగులునవి సుమారు 258 దినములు. అనగా సెలవుల పట్టిక అంత పొడవైన పాత బడియే నేటి బడికంటె ఎక్కువ దినములు తెరచియుండెను. వేసవి అను దీర్ఘ విరామము దానికి తెలియదు.

సంప్రదాయమును విడువని వేదపాఠశాలలలో ఈనాటికిని పంచాంగమే సెలవుల పట్టిక. ఆదివారము సప్తమి అయిన సంథ జరుగును. మరునాడు అష్టమి, లోకమంతయు పనికి పోవుచుండగా వటువులు వస్త్రములు ఉతుకుకొనుచుందురు.