ఆల్బర్టా హంటరు: గానమును శుశ్రూషయు

క్రీ.శ. 1895 ఏప్రిలు 1వ తేదీన అమెరికా దక్షిణభాగమందలి మెంఫిసు నగరమున నొక నల్లజాతి కుటుంబమునందు జన్మించిన ఆల్బర్టా హంటరు, బాల్యము గడవకమునుపే ఇల్లు విడిచి షికాగో చేరి, పగలు పూటకూళ్లయింట బంగాళాదుంపల చెక్కు తీయుచు, రాత్రులందు పాడుటకు చోటు వెదకికొనెను. దొరికిన తొలివేదికలు మర్యాదస్తులు పేరెత్తుటకైన జంకెడి పానశాలలు. మైకు లేని యా కాలమున గాయని గొంతెత్తి బల్లబల్లకును తిరిగి పాడవలసినదే. జీతముకంటె, మెచ్చినవారు చేతబెట్టు చిల్లరయే ఆమెకు జీవనాధారము. అట్టి చోటులనుండి మెట్టుమెట్టుగా నెక్కి ఆల్బర్టా, కింగ్ ఆలివరు అను జాజ్ విద్వాంసుని బృందము వాయించెడి డ్రీమ్‌ల్యాండు కెఫేలో ప్రసిద్ధ గాయని యయ్యెను.

లవీ ఆస్టిను అను పియానో విదుషీమణితో గూడి తాను కట్టిన ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’ను ఆమె 1922లో రికార్డునకు పాడెను, మరుసటి యేట గాయని బెస్సీ స్మిత్తు దానినే తన ప్రథమ రికార్డుగా పాడగా దేశమెల్ల మారుమ్రోగెను. పాట కట్టినవారు మరుగునపడి పాడినవారు నిలుచుట మనకును క్రొత్త గాదు.

1927లో ఐరోపాకు తరలిన పిమ్మట, 1928లో లండను డ్రూరీలేను నాటకశాలయందు గాయకనటుడు పాల్ రోబ్సన్ సరసన ‘షో బోట్’ అను సంగీతనాటకములో క్వీనీ పాత్ర ధరించెను, రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికుల వినోదార్థము బృందమును వెంటగొని చైనా-బర్మా-ఇండియా రణరంగము వరకును సంచరించెను.

1950ల నడుమ, తల్లి మరణముతో మనసు విరిగినదో, మారిన అభిరుచులలో తనకు చోటు తఱుగుట గ్రహించినదో, ఆమె రంగస్థలమును వదలి, అరువది దాటిన తన వయస్సును పండ్రెండేండ్లు తగ్గించి చెప్పి, నర్సు శిక్షణలో ప్రవేశించి, న్యూయార్కునందలి గోల్డ్‌వాటర్ మెమోరియల్ ఆసుపత్రిలో ఇరువదియేండ్లు రోగులకు పరిచర్య చేసెను. మంచముపై నున్నవారికిగాని, తోడి నర్సులకుగాని తమ నడుమ తిరుగాడు మనిషి యెవరో తెలియదు. జాజ్ చరిత్రకారులు కొందఱు ఈ కాలమును మౌనమని వ్రాయుదురు. నేనట్లు తలపను. 1961లో ఉద్యోగమందుండియే ఆమె మరల రికార్డునకు పాడినది. అంతకంటె ముఖ్యముగా, పరుల నిద్రలేని రాత్రులను గడపించుట ఆమెకు తొలినాటినుండి తెలిసిన విద్యయే.

1977లో ఆసుపత్రివారు, డెబ్బదియేండ్లు నిండెనని తలచి ఆమెకు విశ్రాంతి నిచ్చిరి. నిజమునకు వయస్సు ఎనుబదిరెండు! ఆ యేటనే బార్నీ జోసెఫ్‌సన్ తన ‘కుకరీ’ భోజనశాలలో పాడుటకు పిలువగా, కొన్ని వారములకని కుదిరిన కచేరీ యేండ్లతరబడి సాగెను. గొంతు బొంగురువోయినది, నిజమే. కాని యే మాటకడ నిలువవలెనో, యే మాటను కన్నుగీటి విడువవలెనో యెఱిగిన చాతుర్యము, యౌవనమున కంటె నిప్పుడే పరిపక్వమని నా యభిప్రాయము.

1984 అక్టోబరు 17వ తేదీన, ఎనుబదితొమ్మిదవ యేట ఆమె మరణించెను. జాజ్ సంగీతము నెరుగగోరు పాఠకులు 1922 నాటి రికార్డును, 1980లో వెలువడిన ఆమె ‘ఆమ్‌ట్రాక్ బ్లూస్’ సంపుటిని ఒకదానివెంట నొకటి వినవలెనని నా మనవి.