తాగుడు మానుకునేవారి మీటింగులు: జూబ్లీ హిల్స్, ఫిల్మ్‌నగర్

తాగుడు మానాలనుకునేవారు, మానినవారు ఒకచోట కూర్చుని తమ సంగతులు చెప్పుకునే సమావేశాలివి. డాక్టర్లో కౌన్సెలర్లో నడిపేవి కావు, తాగి నష్టపోయి నిలదొక్కుకున్నవాళ్లే నడుపుకుంటారు. వీటిలో అందరికీ తెలిసినది ఆల్కహాలిక్స్ అనానిమస్, వాడుకలో ఏ.ఏ. హైదరాబాదులో ఏ.ఏ. మీటింగులు తెలుగు, హిందీ, ఇంగ్లిషు భాషల్లో జరుగుతాయి. తెలుగు సినిమాకు కాణాచి అయిన జూబ్లీ హిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతంలో పేరే మనిషికి పెట్టుబడి. కాబట్టి పేరు బయటపడని ఈ పద్ధతి అవసరం ఇక్కడ మరీ ఎక్కువ.

ఆక్రన్‌లో మొదలు

1935 మే నెల. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఆక్రన్ పట్టణం. బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒంటరిగా మిగిలాడు. వచ్చిన పని చెడింది. ఒక వైపు బారు, ఇంకో వైపు టెలిఫోను. తాగుడు మాని అప్పటికి కొద్ది నెలలే. బారు గుమ్మం ఎక్కకుండా, చర్చి పాస్టర్ల జాబితా చూసి ఫోన్లు చేశాడు. తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడాలని ఉందన్నాడు. అలా కలిసినవాడు సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్. పావుగంట కూర్చుని వెళ్లిపోతానని వచ్చిన డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. హితబోధలు ఆయన అంతకు ముందు చాలానే విన్నాడు. అవతలివాడూ తనలాగే తాగి పాడైనవాడు కావడమే ఆ రోజు కొత్త. బాబ్ ఆఖరి గుక్క తాగిన జూన్ 10నే ఏ.ఏ. పుట్టినరోజుగా జరుపుకుంటారు.

1939లో వచ్చిన ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ పుస్తకంలో, తాగుడు నుంచి బయటపడటానికి సభ్యులు పాటించే పన్నెండు మెట్లు అచ్చయ్యాయి. 1950లో క్లీవ్‌లాండ్ మహాసభ, సంస్థ ఎలా నడవాలో చెప్పే పన్నెండు సంప్రదాయాలను ఆమోదించింది. సభ్యత్వానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. ఫీజు లేదు, బయటివారి విరాళం ముట్టరు. పత్రికలు, రేడియో, సినిమాల ముందు సభ్యులు తమ పేరు బయటపెట్టకూడదని పదకొండో సంప్రదాయం. దాన్ని రాసినవారికి ఫిల్మ్‌నగర్ ఊసు కూడా తెలియదు, అయినా ఈ నియమం ఇక్కడివాళ్ల కోసమే రాసినట్టుంటుంది.

తాగేవారి కుటుంబాల కోసం అల్-అనాన్ 1951లో ఏర్పడింది. ఏ.ఏ. 1957లో భారతదేశానికి వచ్చింది. దాని జనరల్ సర్వీస్ ఆఫీసు ముంబైలో ఉంది.

తెలుగు నేల పట్టిన దారి

తెలుగువాళ్లు మద్యం మీద చేసిన పోరాటం చాలాకాలం దుకాణం చుట్టూ, చట్టం చుట్టూ తిరిగింది. 1954లో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం మద్యనిషేధం వివాదంలోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తుండగా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ కథ వాచకంలో పాఠమై ఊరూరా చదివించింది, ఊరూరా కదిలించింది. వర్ధినేని రోశమ్మ పేరు ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచింది. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16న అమల్లోకి వచ్చిన ఆ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు.

ఆ ఆడవాళ్ల తెగువకు చేయెత్తి మొక్కాలి. అయితే కొట్టు మూతపడినా తాగుడు రోగంగా ముదిరిన మనిషి ఇంట్లోనే ఉంటాడు. అతని చేతులు వణుకుతూనే ఉంటాయి. అతనికి ఏం చెయ్యాలన్న ప్రశ్నను ఇక్కడి రాజకీయం గట్టిగా పట్టించుకోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవారిలో 43.3 శాతం, ఆడవారిలో 6.7 శాతం మద్యం తాగుతారు. మగవారి లెక్కలో అరుణాచల్ ప్రదేశ్ తరువాత దేశంలో తెలంగాణదే స్థానం. దేశం మొత్తంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో ఎయిమ్స్ నిపుణుల నివేదిక తేల్చింది.

తెర మీద, తెర వెనక

1953 నాటి ‘దేవదాసు’ తరువాత తెలుగు సినిమాలో తాగుబోతు అంటే ప్రేమలో ఓడినవాడు, లేదంటే నవ్వించేవాడు. రోగి అయినవాడు అరుదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తాగుడు వ్యసనం జబ్బేనని 1956లోనే ప్రకటించింది. మన తెర ఆ మాట అందుకోవడానికి చాలా కాలం పట్టింది. నటి సావిత్రి 1981 డిసెంబరు 26న, నెలల తరబడి కోమాలో ఉండి కన్నుమూశారు. ఆమె తాగుడు గురించి జాలిపడినవాళ్లు, చెవులు కొరుక్కున్నవాళ్లు చాలామంది. 2018లో ఆమె జీవితకథగా ‘మహానటి’ సినిమా వచ్చాకే కొత్త తరం ఆ బాధను బాధగా చూసింది.

మద్రాసు నుంచి సినిమా పరిశ్రమ హైదరాబాదుకు తరలివచ్చే క్రమంలో 1976లో అన్నపూర్ణ, తరువాత రామానాయుడు వంటి స్టూడియోలు ఈ కొండల మీద లేచాయి. ఫిల్మ్‌నగర్ అంటే బంగళాలే అనుకుంటారు. పక్కనే బస్తీలున్నాయి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లు ఉంటారు. కాల్షీటు దొరికితే పని, లేకపోతే ఎదురుచూపు. వేళాపాళా లేని ఈ బతుకులో ప్యాకప్ తరువాతి సీసా సులువుగా అలవాటవుతుంది. హీరోకైతే వార్త అవుతుందని భయం, లైట్‌మన్‌కైతే రేపటి పని పోతుందని భయం. ఏ.ఏ. మీటింగులో ఇద్దరి కుర్చీ ఒకటే ఎత్తు.

ఇటీవలి కాలం

2011 నుంచి నగర ట్రాఫిక్ పోలీసుల డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు రాత్రులను మార్చేశాయి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. దొరికినవారిని కుటుంబ సభ్యులతో కలిపి గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ కేంద్రాల్లో కౌన్సెలింగుకు పిలుస్తారు. తమ ఇంటాయనకు తాగుడు ఎంత ముదిరిందో ఆ గదిలోనే మొదటిసారి అర్థమైన భార్యలూ ఉంటారు.

2020 మార్చి లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు హఠాత్తుగా మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వణుకు, మతిభ్రమలతో రోగులు వరస కట్టారు. బాగా ముదిరినవారు సొంతంగా ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ముందు డాక్టరు, ఆ తరువాత మీటింగు. ఆ లాక్‌డౌన్‌లోనే మీటింగులు జూమ్‌కు మారాయి. షూటింగు కోసం ఊళ్లు తిరిగేవారికి ఆన్‌లైన్ పద్ధతి ఇప్పటికీ ఆసరా.

ఏ.ఏ. పద్ధతికి ఆధారం ఏమిటని అడిగేవారికి, వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020 సమీక్ష ఉంది. 27 అధ్యయనాలు, 10,565 మంది. పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఏ.ఏ.కు దారి చూపే చికిత్సలు మిగతా చికిత్సలకు తీసిపోవని, కొన్నిట్లో మెరుగనీ అది చెప్పింది.

వెళ్లడం ఎలా

మీటింగు సాధారణంగా గంట, గంటన్నర. ఏదో చర్చి గదో బడి గదో అద్దెకు తీసుకుంటారు. కుర్చీలు, టీ. ముందు ఏ.ఏ. పరిచయ వాక్యాలు చదువుతారు. ఒక్కొక్కరూ ఇంటిపేరు లేకుండా పేరు చెప్పి, ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెడతారు. ఒకరి మాటకు ఇంకొకరు అడ్డురారు, సలహా ఇవ్వరు. కొత్తవారు నోరు విప్పకుండా కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. చివర్లో ఖర్చుల కోసం సంచి తిరుగుతుంది, వెయ్యకపోయినా ఫరవాలేదు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవారికే. ఓపెన్ మీటింగుకు ఎవరైనా వెళ్లవచ్చు. కొన్నాళ్లకు పాత సభ్యుల్లో ఒకరిని స్పాన్సర్‌గా ఎంచుకుంటారు. అర్ధరాత్రి తాగాలనిపిస్తే ఫోన్ చెయ్యగలిగిన మనిషి ఆయనే.

చోటు, వేళ మారుతుంటాయి కాబట్టి ఏ.ఏ. వెబ్‌సైటులో చూసుకుని, హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో అడిగినా చెబుతారు. చెక్‌పోస్టు దగ్గర ఎవరైనా గుర్తుపడతారన్న బెరుకు ఉంటే, మెట్రో ఎక్కి ఊరికి అటువైపు జరిగే మీటింగుకు వెళ్లవచ్చు. కేంద్ర ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైను 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలి-మానస్ 14416, రెండూ ఉచితం. ఇంట్లో తాగే మనిషి రానని మొండికేసినా భార్య, తల్లి, పిల్లలు ఆగనక్కర్లేదు. అల్-అనాన్ మీటింగుకు వాళ్లు ఈ వారమే వెళ్లవచ్చు.