రెండో సంతకం

1986లో ఆడవాళ్ళ బతుకుల్ని తాకే రెండు చట్టాలు రెండు దేశాల్లో వచ్చాయి. ఒకటి మన రాష్ట్రంలోనే. హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చారు. 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళను మాత్రం గీత అవతలే ఉంచారు. ఆ గీత 2005 నాటి కేంద్ర సవరణతో గానీ చెరగలేదు. రెండోది అమెరికాలో. నవంబరు 10న రీగన్ సంతకం పెట్టిన, వలస వివాహాల్లో మోసాల్ని అరికట్టే చట్టం. పెళ్ళయి రెండేళ్ళు నిండకుండా జీవిత భాగస్వామి ద్వారా వచ్చే గ్రీన్‌కార్డు ఇక షరతులతోనే వస్తుంది. రెండేళ్ళు ముగిసే ముందు తొంభై రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి సంతకాలు చేసి దరఖాస్తు పెడితేనే షరతు తొలగుతుంది. పెట్టకపోతే నివాస హక్కు రద్దవుతుంది.

మొదటి చట్టం ఇచ్చిన వాటా చాలా ఇళ్ళలో వాటాగా కూతురి చేతికి రాలేదు. అమెరికా సంబంధానికి కట్నంగా మారి రెండో చట్టం గుప్పిట్లోకి వెళ్ళింది.

మాది ఖమ్మం జిల్లా ముదిగొండ. 2007 జూలై 28న భూమి కోసం, ఇళ్ళ స్థలాల కోసం జరిగిన ఆందోళన మీద పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయిన ఊరు. పట్టా మీద ఎవరి పేరుందన్నది ఎంత పెద్ద సంగతో ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. అందుకే ఊళ్ళో ఒకావిడ నన్నడిగిన ప్రశ్న నాకు వింతగా తోచలేదు. "మా పిల్ల ఆ ఇంట్లోంచి బయటికొస్తే కార్డు గూడ పోద్దంటగా అక్కా? కార్డు మీద పేరు దాందేగా మరి?"

పేరు ఆమెదే, హక్కు అతని సంతకానిది. ఇది 1986లో హఠాత్తుగా పుట్టిన ఆలోచన కాదు. 1907 చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్ని పోగొట్టుకునేది. 1922లో దాన్ని సడలించినా, పౌరసత్వానికి 'అనర్హుల్ని', అంటే ఆసియా వాళ్ళని, చేసుకున్నవాళ్ళకు 1931 దాకా ఆ శిక్ష తప్పలేదు. 1923లో సుప్రీంకోర్టు భారతీయుల్ని కూడా ఆ అనర్హుల్లో చేర్చడంతో, విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్ భార్య మేరీ తాను పుట్టిన దేశంలోనే ఏ దేశమూ లేనిదైంది. భార్య ఎక్కడి మనిషన్నది భర్తని బట్టి తేల్చే ఆ పాత అలవాటే 1986లో కొత్త బట్టలు తొడుక్కుంది.

అప్పటి చట్టంలో మినహాయింపులు లేకపోలేదు. అయితే విడాకులు ఆమే తీసుకోవాలి, అదీ తగిన కారణంతో. అతనే ముందు కోర్టుకెళ్తే? ఆ దారి మూసుకుపోయినట్టే. స్త్రీల సంఘాలు, వలసదారుల సంఘాలు పోట్లాడాక 1990లో ఇది మారింది. పెళ్ళి నిజమైనదైతే చాలు, విడాకులు ఎవరు కోరినా పర్వాలేదన్నారు. హింసకు గురైన స్త్రీకి విడాకులతో పనిలేకుండానే మినహాయింపు ఇచ్చారు. కానీ మరుసటి ఏడే వచ్చిన నిబంధనలు మానసిక హింసకు లైసెన్సున్న నిపుణుల వాంగ్మూలం కావాలన్నాయి! ఇంగ్లీషు రాని, ఇల్లు దాటని, చేతిలో డాలరు లేని మనిషి ఆ నిపుణుల దగ్గరికెలా వెళ్తుందో రాసినవాళ్ళకు తట్టలేదు. నమ్మదగిన ఏ ఆధారాన్నైనా పరిశీలించాలనీ, హింసించే భర్త దయ లేకుండా భార్య స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చనీ 1994 చట్టం చెప్పింది. న్యూజెర్సీలో 1985లో మొదలైన 'మానవి', న్యూయార్క్‌లో 1989లో మొదలైన 'సఖి' లాంటి దక్షిణాసియా స్త్రీల సంస్థలు ఆ ఏళ్ళలోనే ఈ గడపలు తొక్కుతూ వచ్చాయి.

మన అమ్మాయిల్లో ఎక్కువమంది వెళ్ళేది మాత్రం వేరే దారిలో, హెచ్-4 మీద. 2015 దాకా ఆ వీసా మీద ఉద్యోగమే చెయ్యకూడదు. ఆ ఏడు కొందరికి, అదీ భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం కొంత ముందుకు జరిగితేనే, అనుమతి దొరికింది. విడాకులైతే ఆ వీసా ఉండదు. భర్త ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డు మంజూరయ్యే లోపు విడాకులైతే భార్య దరఖాస్తు కూడా పోతుంది. మంజూరయ్యాక విడిపోతే ఆ కారణంగా పోదు. ఈ తేడా తెలిసిన భర్తలు ఎంతమందో గానీ, తెలియని భార్యలు మాత్రం చాలామంది. విడిగా ఉండటం వేరు, విడాకులు వేరు అన్నదీ అంతే. "నిన్ను వెనక్కి పంపించేస్తా" అన్న బెదిరింపు బతికేది ఆ తెలియనితనంలోనే.

నివాసం అన్న మాట మగవాడికి ఎంత తేలికో చూడాలంటే తిరుపతి కేసు చదవాలి. 1975లో తిరుపతిలో పెళ్ళి. 1978లో ఎడబాటు. 1980లో భర్త మిస్సోరీలో తొంభై రోజుల నివాసం చూపి, ఆమె హాజరు కాకుండానే అక్కడి కోర్టు నుంచి విడాకులు తెచ్చుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ద్విభార్యత్వం కేసు పెట్టింది. మన చట్టంలో లేని కారణంతో, అక్కడ నిజమైన స్థిరనివాసం లేనివాడికి ఇచ్చిన ఆ విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు 1991లో తేల్చేసరికి రెండో పెళ్ళికి పదేళ్ళయింది. అతనికి తొంభై రోజులు చాలాయి. అమెరికాలో షరతుల కార్డు మీద ఉన్న భార్యకు రెండేళ్ళూ చాలవు, రెండో సంతకం కూడా కావాలి.

ఒక్క సంతకం మాత్రం భర్తనీ కట్టేస్తుంది. భార్యను పోషిస్తానని స్పాన్సరుగా అతను రాసిచ్చే పత్రం 1996 చట్టం నుంచి కోర్టులో చెల్లే ఒప్పందమైంది. విడాకులతో అది రద్దు కాదు. ఆమెకు పౌరసత్వం వచ్చేదాకానో, సుమారు పదేళ్ళ పని లెక్క నిండేదాకానో అతను కట్టుబడే ఉండాలి. పెళ్ళిచూపుల్లో జీతం, ఇల్లు, కారు లెక్కలన్నీ అడిగే మన పెద్దవాళ్ళు ఈ కాగితం గురించి అడగగా నేను వినలేదు.

ఇక మిగిలింది రుజువు. పెళ్ళి నిజమైనదే అనడానికి ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె పత్రం, పన్ను కాగితాలు చూపాలంటారు. చాలా ఇళ్ళలో అవన్నీ అతని పేరునే, అతని బీరువాలోనే. ముదిగొండ ఆవిడకి నేను ముందుగా చెప్పింది కార్డు సంగతి కాదు. కూతుర్ని ఆ కాగితాలకు నకళ్ళు తీయించి పెట్టుకోమన్నాను.